చేబదులు మంత్రాలు: మా ఇంటి డి అండ్ డి టేబుల్ డైరీ

2025 జూన్ 8, ఆదివారం

డి అండ్ డి అంటే డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్ళు ఒక్కో పాత్రగా మాటలతో, డైస్‌తో ఆడే ఆట. అందులో ఇవాళ నాలుగు గంటలకు మొదలైన యుద్ధం నాలుగుంపావుకల్లా ముగిసిపోయింది. వంతెన మీద ఎనిమిది ఘూల్స్‌ని, అంటే శవాలు తినే పిశాచాలను, నిలబెట్టాను. ఒక్కోదానికి 22 హిట్ పాయింట్లు, అంటే అంత దెబ్బ తగిలితే గానీ పడదు. తమ్ముడు ఆడే విజార్డు, అంటే మాంత్రికుడు, తన మొదటి వంతులోనే ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం వేశాడు. ఎనిమిది ఆరుముఖాల డైస్, సగటున 28 దెబ్బ. ఐదు ఘూల్స్ అక్కడికక్కడే బూడిదయ్యాయి. తర్వాతి వంతులో ఇంకో ఫైర్‌బాల్ వేశాడు. ఫైటర్‌గా ఆడే మా ఆఫీసు స్నేహితుడు కత్తి దూసి వంతెన ఎక్కేసరికి కొట్టడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. "పర్లేదండీ, వచ్చే వారం కొడతాను" అన్నారు. ఆయన ఆ మాట అనడం ఇది మూడో ఆదివారం.

యుద్ధం అవగానే తమ్ముడు "ఇక పడుకుందాం" అన్నాడు. కథలో అప్పటికి పొద్దున తొమ్మిది. గుహ ముందు రోజంతా కూర్చుని, రాత్రి నిద్రపోయి, మంత్రాలకు ఖర్చయ్యే స్లాట్లన్నీ నింపుకుని మర్నాడు లోపలికి వెళ్దామని వాడి ప్లాను. రూల్స్ ప్రకారం అందులో తప్పేం లేదు. కానీ ఆ ప్లాన్ వినగానే గుహలో నేను రెండు వారాలు కూర్చుని రాసుకున్న భయమంతా ఆవిరైపోయింది.

అందుకే ఈ డైరీ. మా టేబుల్‌కి సరిపడే మ్యాజిక్ రూల్స్ నేనే రాసుకోవాలి. రాసినవి ఆడి చూసి, ఏది నిలిచిందో ఏది కూలిందో ఇక్కడ పెడతాను.

మా గుంపు గురించి రెండు మాటలు. తమ్ముడు విజార్డు. మా అక్క కూతురు, ఇంటర్ ఫస్టియర్, క్లెరిక్, అంటే గాయాలు మాన్పే పూజారి. ఆఫీసు స్నేహితుడు ఫైటర్, ఆయన భార్య రోగ్, అంటే చాటుగా పనిచేసే దొంగ పాత్ర. అందరూ ఐదో లెవెల్. ఆటలో నేను డంజన్ మాస్టర్ని, అంటే కథ నడిపేదాన్ని. ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. ఆదివారం సాయంత్రం మూడు గంటలు, మా డైనింగ్ టేబుల్ మీద, హైదరాబాదులో.

జూన్ 11

ముందు అసలు రూల్ ఎందుకలా ఉందో చూశాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చినప్పుడు మంత్రాల పద్ధతిని జాక్ వాన్స్ అనే రచయిత కథల నుంచి తీసుకున్నారు. ఆ కథల్లో మాంత్రికుడు మంత్రాన్ని కష్టపడి బుర్రలోకి ఎక్కించుకుంటాడు. వాడగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ చదువుకోవాలి. పాత ఎడిషన్లలో ఏ మంత్రం ఎన్నిసార్లు కావాలో పొద్దున్నే తేల్చుకోవాల్సి వచ్చేది. ఐదో ఎడిషన్ దీన్ని సడలించింది. సిద్ధం చేసుకున్న మంత్రాల జాబితా ఒకటి, వాటిని వాడడానికి స్లాట్లు విడిగా. పాత్రలకే కాదు, మంత్రాలకూ వాటి స్లాట్లకూ బలాన్ని బట్టి లెవెల్స్ ఉంటాయి. ఐదో లెవెల్ విజార్డుకి, క్లెరిక్‌కి కూడా మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు, రెండోవి మూడు, మూడోవి రెండు.

ఈ లెక్క చెడ్డది కాదు. కాకపోతే దాని వెనక ఒక ఊహ ఉంది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన పోరాటాలు ఉంటాయని డంజన్ మాస్టర్ పుస్తకం అనుకుంటుంది. తొమ్మిది స్లాట్లు ఎనిమిది పోరాటాలకు సర్దుకోవాలంటే విజార్డు ప్రతిసారీ ఆలోచించాలి. మా మూడు గంటల్లో అయ్యేది ఒక పోరాటం, మహా అయితే రెండు. మిగతా సమయం మాటలకు, నవ్వులకు, అమ్మ పెట్టే పునుగులకు సరిపోతుంది. వాటిలో ఏదీ తగ్గించను. అంటే మారాల్సింది లెక్కే.

జూన్ 15

మొదట పుస్తకంలోనే ఉన్న ప్రత్యామ్నాయం, స్పెల్ పాయింట్లు, పెట్టి చూశాను. స్లాట్ల బదులు ఐదో లెవెల్‌కి 27 పాయింట్లు. మొదటి లెవెల్ మంత్రానికి 2, రెండోదానికి 3, మూడోదానికి 5. స్లాట్లన్నిటినీ పాయింట్లలోకి మారిస్తే సరిగ్గా 27 వస్తాయి కాబట్టి కాగితం మీద రెండూ ఒకటే అనిపిస్తాయి.

టేబుల్ మీద ఒకటి కాలేదు. తమ్ముడు నాలుగు ఫైర్‌బాల్స్ వేసి, మిగిలిన ఏడు పాయింట్లలో ఆరు ఖర్చుపెట్టి మూడుసార్లు షీల్డ్ అనే మొదటి లెవెల్ రక్షణ మంత్రం వేసుకున్నాడు. స్లాట్ల పద్ధతిలో రెండు ఫైర్‌బాల్స్ తర్వాత వాడు చిన్న మంత్రాలతో ఏదో ఒక ఉపాయం వెతుక్కోవాల్సి వచ్చేది. వెబ్, మిర్రర్ ఇమేజ్ లాంటి రెండో లెవెల్ మంత్రాలకు చోటు దొరికేది అక్కడే. పాయింట్లు వచ్చాక మధ్యలో ఉన్నవన్నీ అనవసరమైపోయాయి. చిల్లర ఇచ్చి పెద్ద నోటు తెచ్చుకున్నట్టు చిన్న స్లాట్లను కలిపి పెద్దవి చేసుకునే వీలు ఉంటే, ఎవరైనా అదే చేస్తారు. తమ్ముడిని తప్పుపట్టను, రూల్ వాడిని అటే తోసింది.

స్లాట్లు ఉండాలని ఇవాళ తేలింది. అవి ఒక్కో సైజు డబ్బాలు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పట్టకపోవడమే వాటి బలం.

జూన్ 18

పుస్తకంలో ఇంకో ప్రత్యామ్నాయం ఉంది. షార్ట్ రెస్ట్, అంటే మధ్యలో తీసుకునే చిన్న విరామం, ఎనిమిది గంటలు. లాంగ్ రెస్ట్, అంటే స్లాట్లన్నీ నింపే రాత్రి నిద్ర, ఏడు రోజులు. మా కథలో పౌర్ణమి లోపు గని చేరాలన్న గడువు ఉంది. ఏడేసి రోజులు పడుకుంటే కథ చచ్చిపోతుంది. వద్దనుకున్నాను.

1987లో వచ్చిన ఆర్స్ మ్యాజికా అనే ఇంకో ఆట పద్ధతి కూడా చూశాను. ఐదు క్రియలు, పది నామాలు, రెండూ కలిపి అప్పటికప్పుడు మంత్రం కట్టుకోవడం. దానికి సంస్కృత ధాతువులతో మన రూపం ఒకటి రాయాలని చేతులు దురదపెట్టాయి, ఒక పేజీ రాశాను కూడా. కానీ అది వేరే ఆట అవుతుంది, ఇంటి రూల్ కాదు. ఆ పేజీ దాచిపెట్టాను.

జూన్ 29

ఈ వారం డైస్ వేసి మంత్రం వేసే పద్ధతి. స్లాట్లు తీసేశాం. మంత్రం వేయాలంటే ఇరవై ముఖాల డై వేసి, దానికి పాత్ర బోనస్ కలిపి, 10కి మంత్రం లెవెల్ కలిపితే వచ్చే సంఖ్యను అందుకోవాలి. అందితే మంత్రం పనిచేస్తుంది, మళ్ళీ వాడుకోవచ్చు. తప్పితే ఆ మంత్రం రెస్ట్ దాకా పోయినట్టే. ఇలాంటి పద్ధతితో చాలా ఆటలు బాగా నడుస్తున్నాయి. 2023లో వచ్చిన షాడోడార్క్ అందులో ఒకటి. మా ఇంట్లోనూ నడుస్తుందనుకున్నాను.

అక్క కూతురి క్లెరిక్‌కి +6. మొదటి లెవెల్ మంత్రానికి 11 కావాలి. డై మీద ఐదు లేదా అంతకన్నా ఎక్కువ పడితే చాలు. అంటే తప్పే అవకాశం 20 శాతం. తక్కువే కదా అనుకున్నాను. రోగ్ సున్నాకి పడిపోయింది. పిల్ల గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్ మంత్రం వేయబోయింది. డై మీద రెండు పడింది. ఆ రోజంతటికీ ఆ మంత్రం పోయింది. ఫైటర్ పోరాటం వదిలి పరిగెత్తి, తన దగ్గరున్న ఒకే ఒక్క పోషన్ పోసి రోగ్‌ని లేపారు.

పిల్ల మొహం చిన్నబోయింది. "పిన్నీ, నేనేం తప్పు చేశాను?" అంది.

ఏ తప్పూ చేయలేదు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో లోపం కూడా ఉంది, లెక్క వేస్తే తెలిసింది. ఐదో ఎడిషన్ మంత్రాల్లో చాలావాటికి శత్రువు తప్పించుకోవడానికి సేవింగ్ త్రో వేసుకుంటాడు. అంటే అక్కడ ఇప్పటికే ఒక డై ఉంది. మంత్రం వేయడానికి 75 శాతం, శత్రువు తప్పించుకోలేకపోవడానికి 60 శాతం అనుకుంటే, రెండూ దాటి మంత్రం పూర్తిగా పనిచేసేది 45 శాతమే. రెండు గేట్లు పెట్టిన ఆటలు ఆ రెండో గేటుకు తగ్గట్టు మంత్రాలను కూడా తిరగరాసుకుంటాయి. నేను గేటు మాత్రమే తెచ్చి పెట్టాను.

రాత్రి గిన్నెలు సర్దుతుంటే అమ్మ అడిగింది, పిల్ల ఎందుకు డల్‌గా వెళ్ళిందని. చెప్పాను. అవసరానికి మంత్రం పనిచేయకపోవడం కథల్లో ఉన్నదే కదా, కర్ణుడికీ అలాగే అయింది కదా అని నేనే సమర్థించుకోబోయాను. అమ్మ చేతిలో గరిటె పట్టుకునే నిలబడి, "కర్ణుడికి అలా కాదే. గురువుకి అబద్ధం చెప్పి నేర్చుకున్నాడు. అవసరానికి గుర్తుకు రాదని శాపం ఆ రోజే విన్నాడు. తెలిసే యుద్ధానికి వెళ్ళాడు. ఈ పిల్లకి ముందు ఎవరు చెప్పారు?" అంది.

నిద్ర పట్టలేదు. బ్రహ్మాస్త్రం కర్ణుడికి గుర్తుకు రాని క్షణం మనల్ని పట్టి కుదిపేది, అతనికి ముందే తెలుసు కాబట్టి. డై మీద రెండు పడడం అలాంటిది కాదు. మంత్రానికి ధర ఉండాలి, పెద్ద ధరే ఉండాలి. కానీ అది వేసేవాళ్ళకు ముందే కనిపించాలి, ఇవ్వాలో వద్దో వాళ్ళే తేల్చుకోవాలి. ఇన్నాళ్ళూ ధర ఎంత అనే చూశాను. ఎప్పుడు చెప్పాలన్నది చూడలేదు.

జూలై 6

స్లాట్లు వెనక్కి వచ్చాయి. కొత్త రూల్ పేరు చేబదులు. స్లాట్లన్నీ అయిపోయాక కూడా మంత్రం కావాలంటే రేపటి స్లాట్‌ని ఇవాళ చేబదులు తీసుకోవచ్చు. రేపు ఆ స్లాట్ రాదు. వడ్డీ కింద దానికన్నా ఒక లెవెల్ తక్కువ స్లాట్ ఇంకోటి కూడా రాదు.

పేరు టేబుల్ మీద అందరికీ వెంటనే ఎక్కింది. రూల్ ఇంకా పూర్తిగా వివరించకముందే రోగ్ ఆడే ఆవిడ "అయితే రేపు మొహం చాటేయడానికి లేదన్నమాట" అన్నారు. ఇంటి రూల్‌కి పేరు ముఖ్యమని ఇవాళ గట్టిగా తెలిసింది. "డిఫర్డ్ స్లాట్" అని పెట్టి ఉంటే పావుగంట వివరణ పట్టేది. చేబదులంటే ఏమిటో, తీర్చకపోతే ఎంత నామోషీనో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు.

రూల్ మాత్రం గంటలో కూలింది. చివరి పోరాటంలో తమ్ముడు రెండు మూడో లెవెల్ స్లాట్లు చేబదులు తీసుకున్నాడు. గెలిచారు. ఊరు చేరారు. నేను కథ ముందుకు జరపడానికి "ఎనిమిది రోజులు గడిచాయి" అన్నాను. ఆ ఒక్క మాటతో అప్పంతా తీరిపోయింది! కథలో రేపు అనేది నా నోట్లో ఉంటుంది. దాని మీద అప్పు ఇవ్వకూడదు. ఇవాళ, ఈ టేబుల్ మీద, వాళ్ళ చేతిలో ఉన్నదే తీసుకోవాలి.

జూలై 9

ఆఫీసు నుంచి వస్తూ మెట్రోలో పాత స్కోరు కాగితాలు తిరగేశాను. గత ఐదు ఆటల్లో షార్ట్ రెస్ట్ తీసుకున్నది రెండుసార్లే. అంటే హిట్ డైస్ దాదాపు ఎవరూ వాడడం లేదు. ఐదో లెవెల్ పాత్రకు ఐదు హిట్ డైస్ ఉంటాయి. షార్ట్ రెస్ట్‌లో వాటిని వేసి ఒంట్లో శక్తి తెచ్చుకోవాలి. లాంగ్ రెస్ట్‌కి మొత్తంలో సగమే తిరిగొస్తాయి. ఐదుంటే రెండు. పుస్తకంలో ఒక్క రాత్రికి పూర్తిగా తిరిగిరాని వాటిలో ఇదొకటి, మా షీట్ల మీద ఖాళీగా పడి ఉంది.

స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి నడిచొచ్చాను.

రూల్ ఇలా మారింది. స్లాట్ చేబదులు కావాలంటే దాని లెవెల్ ఎంతో అన్ని హిట్ డైస్ తాకట్టు పెట్టాలి. వాటిని వేయకూడదు, వాటితో ఒంటికి ఏమీ రాదు, ఊరికే పోతాయి. మూడో లెవెల్ మంత్రమంటే మూడు. రాత్రికి రెండే తిరిగొస్తాయి కాబట్టి ఒక ఫైర్‌బాల్ అప్పు తీరడానికి రెండు రాత్రులు. నేను ఎవరికీ వడ్డీ లెక్క కట్టక్కర్లేదు, పుస్తకంలో ఉన్న రూలే కడుతుంది. ఇంటి రూల్‌లో నాకు బాగా నచ్చేది ఇదే. కొత్తగా ఏమీ రాయకుండా పక్కపక్కన ఉన్న రెండు గదుల మధ్య తలుపు ఒకటి తెరవడం.

అయితే ఇలా వదిలేస్తే మంత్రాలవాళ్ళకు మొదటి రోజు ఐదు లెవెల్స్, తర్వాత రోజుకు రెండేసి అదనంగా ఇచ్చినట్టే. అసలు బాధ వాళ్ళ దగ్గర ఎక్కువ ఉండడం. అందుకని ఇంకో వైపు బిగించాలి. దారిలో, అడవిలో, గుహలో పడుకుంటే లాంగ్ రెస్ట్‌కి స్లాట్లన్నీ రావు. పాత్ర లెవెల్ ఎంతో అన్ని స్లాట్ లెవెల్స్ మాత్రమే వస్తాయి. మావాళ్ళకు ఐదు. మూడోది ఒకటి, రెండోది ఒకటి తెచ్చుకోవచ్చు, లేదా వాళ్ళిష్టం. ఊళ్ళో పడుకుంటే మాత్రం మొత్తం.

స్లాట్లన్నీ కలిపితే 16 లెవెల్స్. పాత పద్ధతిలో మూడు రోజుల ప్రయాణానికి 48. కొత్త పద్ధతిలో మొదటి రోజు 16, తర్వాత ఐదేసి, మొత్తం 26. విజార్డుకి షార్ట్ రెస్ట్‌లో కొన్ని స్లాట్లు తెచ్చుకునే ఆర్కేన్ రికవరీ ఉంది కాబట్టి రోజుకు ఇంకో మూడు దాకా. పోరాటాలను రోజుకు ఎనిమిది చేయకుండానే, ఆరేడు పోరాటాలను మూడు రోజుల మీద పరిస్తే పుస్తకం ఊహించిన రోజు మాకూ వస్తుంది. మా టేబుల్‌లో వార్లాక్ లేడు. షార్ట్ రెస్ట్‌కే స్లాట్లు తెచ్చుకునే వార్లాక్ ఉన్న గుంపైతే ఈ బిగింపు అతనికి తగలదు, వేరే ఆలోచించుకోవాలి.

జూలై 13

అష్టాచమ్మా డబ్బాలోంచి గవ్వలు తెచ్చి స్లాట్లకు పెట్టాను. చిన్న గవ్వ మొదటి లెవెల్, మధ్యది రెండోది, పెద్దది మూడోది. హిట్ డైస్‌కి చింతపిక్కలు, తలా ఐదు. పెన్సిల్‌తో కొట్టేస్తే ఎవరికీ పట్టదు. గవ్వ చేతిలోంచి టేబుల్ మధ్యకు తోయాల్సి వస్తే ఒక క్షణం చెయ్యి ఆగుతుంది. నాకు కావాల్సింది ఆ క్షణం.

మూడు రోజుల అడవి దారి, రోజుకు రెండు చిన్న గండాలు. మొదటి రోజు తమ్ముడు ఒక ఫైర్‌బాల్ వేశాడు. రెండో రోజు ఓగర్ వచ్చింది, 59 హిట్ పాయింట్లు. వాడు పెద్ద గవ్వ పట్టుకుని, దింపి, మళ్ళీ పట్టుకుని, చివరికి వెబ్ వేశాడు. ఓగర్ వలలో చిక్కింది. ఫైటర్ యాక్షన్ సర్జ్ వాడి ఒకే వంతులో నాలుగు దెబ్బలు కొట్టారు, తర్వాతి వంతులో ఇంకో రెండు. ఓగర్ కూలింది.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఐదు ఆదివారాల తర్వాత చివరి దెబ్బ ఆయనది. తమ్ముడి భుజం తట్టి "నీ వల లేకపోతే అయ్యేది కాదు బాబూ" అన్నారు. తమ్ముడు ఫైర్‌బాల్ వేసిన ఏ రోజూ అంత సంబరపడలేదు. విజార్డుని తగ్గిస్తున్నానని నాకు ఇన్నాళ్ళూ లోపల కొంచెం బెరుకు ఉండేది. ఇవాళ పోయింది.

జూలై 20

ఇవాళ్టి ప్రయోగం మీద నాకు చాలా ప్రేమ ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఐదో ఎడిషన్‌లో ఏకాగ్రత కావాల్సిన మంత్రం ఒకసారికి ఒక్కటే నిలపగలం. దెబ్బ తగిలితే సేవింగ్ త్రో వేయాలి, అది 10 లేదా తగిలిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది దాటాలి. చిన్నప్పుడు తాతయ్య నన్ను అష్టావధానాలకు తీసుకెళ్ళేవారు. ఒక వైపు సమస్య, ఇంకో వైపు దత్తపది, నిషిద్ధాక్షరి, మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డదిడ్డమైన ప్రశ్నలు. అన్నీ మోస్తూ చివర్లో పద్యాలన్నీ ధారణ చేసే అవధాని నాకు ఇప్పటికీ నిజమైన మాంత్రికుడే. ఏకాగ్రతకు మన దగ్గర ఇంతకన్నా గొప్ప బొమ్మ ఏముంది?

రూల్ ఇలా పెట్టాను. రెండు ఏకాగ్రత మంత్రాలు ఒకేసారి నిలపవచ్చు. కానీ ప్రతి వంతు చివర పక్కవాళ్ళు ఒక అప్రస్తుత ప్రశ్న వేస్తారు. నేను ఒక అక్షరం నిషేధిస్తాను. ఐదు లెక్కపెట్టే లోపు ఆ అక్షరం రాకుండా జవాబు చెప్పాలి. తప్పితే ఒక మంత్రం జారిపోతుంది.

అక్క కూతురు చెలరేగిపోయింది. "ప" నిషేధిస్తే, "ఇవాళ అమ్మమ్మ ఏం చేసింది?" అన్న ప్రశ్నకు పునుగులు అనకుండా "గుండ్రంగా, వేడిగా, నాకు తక్కువ వేసింది" అంది. టేబుల్ అంతా చప్పట్లు.

తమ్ముడి వంతు వచ్చింది. వాడికి మాట తొందరగా రాదు, చిన్నప్పటి నుంచీ అంతే. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ తడబడ్డాడు. వాడి విజార్డుకి ఇంటెలిజెన్స్ 18. కథలో ఆ మాంత్రికుడు దేశంలోకెల్లా తెలివైనవాడు. టేబుల్ మీద మాత్రం వాడి మంత్రాలు వాడి నాలుక వల్ల జారిపోతున్నాయి. మూడోసారి వాడు గవ్వ వెనక్కి తీసుకుని "నేను ఒకటే పెట్టుకుంటాలే అక్కా" అన్నాడు.

పాత్ర ఇవ్వాల్సిన ధర మనిషి దగ్గర వసూలు చేశాను. ఇది ఆపేశాను. ఒక్కో వంతుకి ఆరు నిమిషాలు పట్టడం కూడా ఒక కారణమే గానీ అసలు కారణం అది కాదు. పండగరోజు ఆడుకునే ఆటగా దీన్ని విడిగా దాచుకుంటాను, పిల్ల అడిగింది కూడా. రూల్ పుస్తకంలో మాత్రం ఏకాగ్రత పాతదే.

జూలై 27

తమ్ముడు లొసుగు పట్టుకున్నాడు. "ఊళ్ళో" అంటే ఏమిటని గత వారం అందరూ అడిగితే నేను ఒక నిర్వచనం ఇచ్చాను. ఎవరూ కాపలా కాయకుండా అందరూ ఒకేసారి నిద్రపోగలిగే చోటు. సత్రం, గుడి, స్నేహితుల ఇల్లు. బాగుందనుకున్నాను.

ఇవాళ అడవి మధ్యలో వాడు టైనీ హట్ వేశాడు. మూడో లెవెల్ మంత్రం, కానీ రిచువల్‌గా పది నిమిషాలు ఎక్కువ తీసుకుని వేస్తే స్లాట్ ఖర్చు లేదు. ఎనిమిది గంటలు నిలిచే గుమ్మటం. బయటి నుంచి ఏ జంతువూ, ఏ బాణమూ రాదు. "అక్కా, ఇందులో కాపలా ఎందుకు? అందరం పడుకోవచ్చు. మొత్తం స్లాట్లు ఇవ్వు" అన్నాడు.

నా నిర్వచనం ప్రకారం వాడిదే న్యాయం. ఇవాళ్టికి ఇచ్చేశాను, రాసిన రూల్‌ని ఆట మధ్యలో మార్చకూడదు. తర్వాత ఐదుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. టైనీ హట్‌ని నిషేధించాలని నాకు లేదు. వాన పడుతుంటే గుమ్మటంలో కూర్చుని కబుర్లు చెప్పుకున్న రాత్రులు మా కథలో బాగున్న రాత్రులు. రోగ్ ఆడే ఆవిడ దారి చూపించారు. "మనం కట్టుకున్నది కాకుండా, వేరే మనుషులు కాపురముండే చోటైతే ఊరు." అంతే, అదే రాసుకున్నాం. గుమ్మటం ప్రాణాలు కాపాడుతుంది, స్లాట్లు నింపదు. ఈ మార్పుతో నేను అనుకోని లాభం ఇంకోటి వచ్చింది. ఇప్పుడు వాళ్ళకు ఊళ్ళు కావాలి. దారిలో పల్లె కనిపిస్తే ఆగుతారు, అక్కడి మనుషులతో మంచిగా ఉండాలనుకుంటారు.

ఆగస్టు 3

ఇవాళ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ఇది, మాటకు మాట:

"దారిలో పడుకుంటే మీ లెవెల్ ఎంతో అన్ని స్లాట్ లెవెల్స్ వస్తాయి. వేరే మనుషులు కాపురముండే చోట పడుకుంటే అన్నీ వస్తాయి. గవ్వలు అయిపోయాక మంత్రం కావాలంటే దాని లెవెల్ ఎంతో అన్ని చింతపిక్కలు తాకట్టు. పిక్కలు చాలకపోతే తక్కువైన ప్రతి పిక్కకు ఒక అలసట, అంటే ఒక ఎండుమిరపకాయ. ధర ముందు చెప్పుకోవాలి, ఇచ్చాక డై వేయాలి. మాట వెనక్కి తీసుకోవడానికి డై పడేదాకా టైముంది."

అలసట అంటే పుస్తకంలో ఉన్న ఎగ్జాస్చనే. ఆరు మెట్లు. మొదటి మెట్టుకి ఎబిలిటీ చెక్‌లన్నిటికీ రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి, మూడో మెట్టుకి దాడులకు, సేవింగ్ త్రోలకు కూడా అదే, ఆరో మెట్టు మరణం. లాంగ్ రెస్ట్‌కి ఒక మెట్టు దిగుతుంది. ఇది చివరి పిక్క కూడా లేనివాళ్ళ కోసం. ఎవరూ అంత దూరం రారనుకున్నాను.

ఆగస్టు 17

వచ్చారు.

గనిలో రెండో అంతస్తు. మధ్యాహ్నం షార్ట్ రెస్ట్‌లో పిల్ల తన ఐదు పిక్కల్లో మూడు ఖర్చుపెట్టి ఒళ్ళు బాగుచేసుకుంది. పెద్ద గవ్వలు రెండూ అప్పటికే అయిపోయాయి. కింద గదిలో ఘూల్స్ మళ్ళీ దొరికాయి, ఈసారి ఇరుకు సొరంగంలో. ఒకటి క్లెరిక్‌ని గోళ్ళతో గీరింది. సేవింగ్ త్రో పోయి క్లెరిక్ కట్టెలా బిగుసుకుపోయింది. ఆమెకు అడ్డంగా నిలబడ్డ ఫైటర్ సున్నాకి పడ్డారు. పిల్ల వరుసగా రెండు వంతులు కదల్లేకపోయింది. మూడోసారి విడిపించుకునేసరికి ఫైటర్ ప్రాణం కోసం వేసే డెత్ సేవ్‌లు మూడూ పోయాయి, అంటే చనిపోయారు.

మిగిలిన ఘూల్‌ని తమ్ముడు, రోగ్ కలిసి ముగించారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన తన షీట్‌ని నెమ్మదిగా బోర్లా పెట్టారు.

పిల్ల చనిపోయినవాళ్ళను బతికించే రివివిఫై మంత్రం కార్డు తీసింది. మూడో లెవెల్. చనిపోయిన నిమిషంలోపు వేయాలి. 300 బంగారు నాణేల వజ్రాలు కావాలి. పోయిన నెల ఊళ్ళో ఆగినప్పుడు కొని పెట్టుకుంది. గవ్వ లేదు. పిక్కలు రెండే. ఫ్రిజ్ మీద కాగితం వైపు చూసింది.

"పిన్నీ, ఈ రెండూ ఇచ్చేస్తే రాత్రికి రెండే వస్తాయి కదా?"

"అవును."

"రాత్రికి గనిలోనే ఉంటాం కదా?"

"ఉంటారు."

"మిరపకాయ కూడా రాత్రికి పోతుందా?"

"పోతుంది. కానీ రాత్రి దాకా నీ చెక్‌లన్నీ తక్కువ డైతోనే."

తమ్ముడు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. ఇది తను తేల్చుకోవాల్సింది. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పిల్ల రెండు పిక్కలనూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత రెండిటినీ టేబుల్ మధ్యకు తోసి, డబ్బాలోంచి ఎండుమిరపకాయ తీసి తన షీట్ మీద పెట్టుకుంది.

ఒక్క హిట్ పాయింట్‌తో ఫైటర్ కళ్ళు తెరిచారు. ఆయన షీట్ తిప్పి, తన ముందున్న నాలుగు పిక్కల్లోంచి ఒకటి తీసి పిల్ల వైపు జరిపారు. "ఇది తనకు ఇవ్వొచ్చా మేడం?"

రూల్‌లో లేదన్నాను. పిక్క వెనక్కి తీసుకున్నారు గానీ ప్రశ్న టేబుల్ మీదే ఉండిపోయింది. వచ్చే ఆదివారం లోపు రాయాలి. ఒకరి చేబదులుకు ఇంకొకరు హామీ ఉండొచ్చా? ఉంటే పిక్కకు పిక్కా, పిక్కకు రెండు పిక్కలా? తీసుకునే ముందు అడగాలా, తర్వాత కూడా కుదురుతుందా? నాకు పిక్కకు రెండు అనిపిస్తోంది. పిల్ల మాత్రం వెళ్తూ వెళ్తూ లిఫ్ట్ దగ్గర "ఒకటికి ఒకటే పెట్టు పిన్నీ" అని చెప్పి వెళ్ళింది.